మేకకీ కేకకీ మధ్య

ప్రాసల బొమ్మల పుస్తకం చదివేవాళ్లకి తెలియాల్సిన కిటుకు ఒక్కటే: చివరి మాట దగ్గర ఆగడం. ‘కొండెక్కింది మేక, అమ్మ పెట్టింది...’ అని ఊరుకోవాలి. బొమ్మలో అమ్మ నోరు తెరిచి ఉంటుంది. చెవిలో ‘మేక’ ఇంకా మోగుతూ ఉంటుంది. నాలుగేళ్ల పిల్ల ‘కేక!’ అని అరుస్తుంది. అప్పుడు పేజీ తిప్పి ఆ మాట కింద వేలు పెట్టాలి. రెండు మాటల చివరా అదే ‘క’. ముందు అక్షరాలు వేరైనా, రెండింటి నెత్తినా అదే ఏత్వం. పలక పట్టకముందే ఆ పిల్ల ఇదంతా చూసేసింది.

ప్రాసను పట్టగల చెవికీ తర్వాత వచ్చే చదువుకీ లంకె ఉందని ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాడ్లీ, బ్రయంట్ 1983లోనే చూపించారు. మన తాతమ్మలకి అదేం కొత్త సంగతి కాదనుకోండి.

అయితే అరకు గూడేల్లో ఈ కిటుకు పారదు. ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడే పిల్లల ముందు నేను ‘అమ్మ పెట్టింది...’ అని ఆగితే, వాళ్లు నా మొహం చూశారు. ఒక పిల్ల మాత్రం బొమ్మ మీద వేలు పెట్టి మేకను తన భాషలో పిలిచింది. బొమ్మ పని చేసింది, ప్రాస చెయ్యలేదు. రెండోసారి చదివితే అందరూ ‘కేక’ అన్నారు. అది ఊహించి అన్నది కాదు, వల్లెవేత.

పుస్తకాన్ని వాళ్ల భాషలోకి మారిస్తే సరిపోదా అంటారు. మేకకీ కేకకీ అక్కడ వేరే మాటలుంటాయి, జత విడిపోతుంది. కథను కొండెక్కించవచ్చు గానీ ప్రాస అక్కడే పుట్టాలి. పర్లాకిమిడిలో మాష్టారుగా ఉంటూ సవర నేర్చుకున్న గిడుగు రామమూర్తి, ఆ భాషలోనే వాచకాలు రాసి, సవరల పాటలూ కథలూ సేకరించింది అందుకే కాబోలు. 2004-05లో ఉమ్మడి రాష్ట్రం కువి, కొండ, ఆదివాసీ ఒరియా సహా ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెట్టినప్పుడు లిపి మాత్రం తెలుగుదే ఉంచింది. మంచి పనే. పిల్ల నోట్లో ఉన్న పాట, రేపు బళ్లో కనబడబోయే అక్షరం ఒకే కాగితం మీదికి వస్తాయి.

కాబట్టి పుస్తకం అంగన్‌వాడీలోనే తయారవ్వాలంటాను. ఇటుకల పండక్కి పాడేవో, పొలంలో పిట్టల్ని తోలేటప్పుడు అనేవో రెండు వరసలు ఆయమ్మ పాడుతుంది. టీచరు వాటిని తెలుగు అక్షరాల్లో పెద్దగా రాస్తుంది. ఫలానా శబ్దాన్ని ఏ అక్షరంతో రాయాలని కాసేపు తగువు జరుగుతుంది, జరగనివ్వండి. పక్కన బొమ్మ పిల్లలే గీస్తారు. మేక కుక్కలా వచ్చినా ఫర్వాలేదు. తెలుగు ప్రాసల పుస్తకం ఆ తర్వాత తెరవచ్చు.

ఒకే గదిలో కువి పిల్లలూ ఒరియా పిల్లలూ కలిసి కూర్చునే చోట రెండు పుస్తకాలు కావాలి. పైనుంచి రంగురంగుల కిట్లు పంపేవాళ్లు ఈసారి ఆ పెట్టెలో చార్టులు, స్కెచ్ పెన్నులు ఇంకాస్త ఎక్కువ వేస్తే చాలు.