ఎముక పట్టుకున్న లోహం

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం, 1950ల తొలినాళ్లు. పరిశోధకుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం గొట్టం అమర్చి, మూలుగలో రక్తం ఎలా పారుతోందో సూక్ష్మదర్శినితో చూస్తున్నారు. ప్రయోగం ముగిశాక, ఖరీదైన సామాను కదా, మళ్లీ వాడుకుందామని గొట్టం తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది.

గాలి తగిలిన మరుక్షణమే టైటానియం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర కడుతుంది. గీత పడ్డా మళ్లీ తనంతట తనే పూడుకుంటుంది. ఒంట్లోని ఉప్పునీటికి లోహం తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పొరే. ఎముక కణాలు దాని దాకా పెరిగి అతుక్కుంటాయి. పైగా ఈ లోహం బరువు ఉక్కులో సగానికి కాస్త ఎక్కువ, బిరుసుదనం దాదాపు సగం. అందువల్ల పక్కనున్న ఎముకకూ కొంత భారం అందుతుంది. భారం మోయని ఎముక పలచబడిపోతుంది మరి! అయితే రాపిడికి టైటానియం ఆగదు. అందుకే తుంటి మార్పిడిలో తొడ ఎముకలోకి దిగే కాడను దీనితో చేసినా, తిరిగే బంతిని మాత్రం కోబాల్ట్-క్రోమ్‌తోనో సిరామిక్‌తోనో చేస్తారు.

1965లో బ్రోనెమార్క్ గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే రోగి దవడలో టైటానియం మరలు బిగించారు. 2006లో కన్నుమూసేదాకా లార్సన్ ఆ ఆధారం మీది పళ్లతోనే తిన్నారు.

ఈ కథలో పేరంతా లోహానికే వచ్చింది. దాన్ని అమర్చే చేతికీ రావాలి. డ్రిల్లు వేడికి ఎముక 47 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుందని 1980లలో స్వీడన్ పరిశోధకులే తేల్చారు. అందుకే బ్రోనెమార్క్ పద్ధతిలో నెమ్మదిగా తొలవాలి, సెలైన్ ధారగా పోస్తూ ఉండాలి. ఆ తర్వాత కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు భారం వేయకుండా ఆగాలి. ఎంత మేలైన మర అయినా, కాలిన ఎముకలో నిలవదు. ఇప్పుడు కొందరికి అదే రోజు పన్ను పెట్టేస్తున్నారు. ఎముక గట్టిగా ఉండి, మర బాగా బిగిసినప్పుడే అది తగిన పని.

హైదరాబాద్‌లోని మిధాని సంస్థ టైటానియం మిశ్రమాలు తయారుచేస్తోంది. అంటే లోహం మన దగ్గరా తయారవుతోంది, ఇక కావాల్సింది జాగ్రత్త. దవడలో ఇలాంటి మర, అంటే ఇంప్లాంటు, వేయించుకునేవారు డాక్టరు ఆగమన్నన్నాళ్లు ఆగండి, సిగరెట్ మానండి. అమర్చిన మర కంపెనీ పేరు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు అడిగి తీసుకుని, భద్రంగా దాచుకోండి.