గాజు మీద ఆడుకునే పిల్లలు

గాజు మీద నగిషీ అనగానే చాలామందికి హోటల్ తలుపుల మీది తెల్లటి లతలూ, పూజగది అద్దాల మీది నెమళ్ళూ గుర్తొస్తాయి. అవి ఎక్కువగా ఇసుక దెబ్బతో అయ్యేవి. అద్దానికి స్టెన్సిల్ అంటించి, గాలి ఒత్తిడితో ఇసుకను కొడితే, కప్పని చోటల్లా గాజు గరుకై మసకబారుతుంది. అమెరికాలో టిల్ఘ్‌మన్ 1870లో పేటెంటు పొందిన పద్ధతి ఇది. చవక, వేగం రెండూ ఉన్నాయి కాబట్టే ఊరూరికీ పాకింది, గాజు చెక్కడమంటే ఒట్టి అలంకరణేనన్న చిన్నచూపూ దానితోపాటే వచ్చింది. కానీ ఆ చూపుతో ఈ కళనంతా కొలవడం అన్యాయం. బాల్యాన్ని పట్టుకోవడంలోనైతే రంగుల చిత్రానికి సాధ్యం కానిది చెక్కిన గాజుకి సాధ్యమైంది.

స్వీడన్‌లో స్మోలాండ్ ప్రాంతపు ఒరెఫోర్స్ కర్మాగారాన్నే తీసుకుందాం. పారిస్‌లో మతీస్ దగ్గర చిత్రకళ నేర్చిన ఎడ్వర్డ్ హాల్డ్ 1917లో అక్కడ చేరాడు. 1920 ప్రాంతంలో ఆయన గీసిన నమూనాల్లో బంతాట ఆడే అమ్మాయిల పాత్ర ఒకటి. నమూనా ఆయనది, చెక్కింది మాత్రం రాగి చక్రం ముందు కూర్చున్న పనివాడు. మరకు బిగించిన చిన్న రాగి బిళ్ళ తిరుగుతూ ఉంటుంది, నూనెలో కలిపిన ఎమరీ పొడి దానికి అంటుకుని గాజును అరగదీస్తుంది. బిళ్ళ ఉన్నచోటే ఉంటుంది, పాత్రనే రెండు చేతులా పట్టుకుని దాని కిందికి తెచ్చి తిప్పాలి. నూనె ముద్ద కమ్మేయడంతో కోత పడే చోటు సరిగా కనపడదు. చేతి స్పర్శా, మర చప్పుడూ చెప్పినట్టే నడవాలి, తప్పు పడితే చెరపడానికి వీల్లేదు. పైగా లోతుగా తవ్విన భాగం చూపుకి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పిల్ల బుగ్గ గుండ్రంగా కనపడాలంటే అక్కడ గుంట తవ్వాలి. ఇంత చేసినా ఒంటిరంగు ఉండదు, బట్టల ఖరీదు తెలియదు. ఎవరింటి పిల్లో ఆనవాలు పట్టే వీలుండదు. మిగిలేది ఒంపు, ఎగిరిన చెయ్యి, గాలిలో బంతి. బొమ్మ పాత్ర చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆటకి మొదలూ చివరా లేవు. ఇటు పిల్లల మధ్య సందుల్లోంచి అటు పిల్లలు కాస్త వంకరగా, తారుమారుగా కనిపిస్తారు. పటం కట్టి గోడకి తగిలించిన బాలుడి చిత్రంలో ఈ సందడి ఉండదు, అక్కడ పిల్లాడు బుద్ధిగా కూర్చోవాల్సిందే.

గాజు మీద పిల్లలు కొత్తేమీ కాదని ఎవరైనా అనవచ్చు. నిజమే. నెదర్లాండ్స్‌లో ఫ్రాన్స్ గ్రీన్‌వుడ్ 1720లలోనే వజ్రపు మొనతో గాజు మీద చుక్కలు పొడిచి బొమ్మలు చేశాడు. పొడిచిన చుక్క వెలుగు, ముట్టుకోకుండా వదిలిన గాజే నీడ. అదే శతాబ్దం చివర డేవిడ్ వోల్ఫ్ చుక్కలు దాదాపు ఊపిరి ఆవిరంత పలచన. ఆయన మద్యం గ్లాసుల మీద పిల్లలు తరచుగా కనిపిస్తారు. అయితే వాళ్ళు పిల్లల వేషంలో ఉన్న స్నేహం, స్వేచ్ఛ వంటి భావాలు. విందులో గ్లాసెత్తే పెద్దల కోసం నిలబెట్టిన బొమ్మలు. నైపుణ్యంలో వోల్ఫ్‌ను దాటడం కష్టమే, బాల్యం మాత్రం అక్కడ లేదు. ఈ పోలికతో నా వాదానికి ఒక హద్దు కూడా ఏర్పడుతుంది: గాజు తనంతట తానే బాల్యాన్ని ఇవ్వదు, పిల్లలకు ఆట తప్ప వేరే పని అప్పజెప్పని కళాకారుడు కావాలి.

బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది. గీసింది హాల్డ్, చెక్కింది మరొకరు. అలాంటప్పుడు ఇది కాగితం మీది గీతకు నకలే కదా? కాగితం మీద గీతకు లోతు లేదు. ఏ మోకాలు ఎంత తవ్వాలో, ఏ జుట్టును పైపైన గీకి వదిలేయాలో, ఎక్కడ మెరుగు పెట్టాలో మర దగ్గరే తేలాలి. సంగీతంలో వాగ్గేయకారుడి పేరు చెప్పుకుంటూనే పాడినవారి గొంతునూ మెచ్చుకుంటాం. గాజు దగ్గర మాత్రం ఆ రెండో పేరును చిన్న అక్షరాల్లోకి నెట్టేశారు. ఇవి డబ్బున్నవాళ్ళ బల్లల మీది వస్తువులన్న మాటను మాత్రం కాదనలేను. 1925 పారిస్ అలంకార కళల ప్రదర్శనలో ఒరెఫోర్స్ గ్రాండ్ ప్రి అందుకున్నాక వాటి పరువుతోపాటు ధరా పెరిగే ఉంటుంది.

ఇలాంటి పాత పనులను మళ్ళీ ప్రదర్శనకు పెట్టేవారు ముందు దీపాల సంగతి చూసుకోవాలి. తెల్లగోడ ముందు, ఎదురు వెలుతురులో తెల్లటి నగిషీ సగం మాయమవుతుంది. వెనక ముదురు రంగు, పక్క నుంచి వెలుగు, చుట్టూ తిరిగి చూసేందుకు చోటు ఉండాలి. గోడకానించిన బీరువాలో పెడితే అమ్మాయిల్లో సగంమందే ఆటలో ఉంటారు.