వెంకటేశం వేషం ఎవరికి?

'కన్యాశుల్కం' అనగానే మన బళ్ళలో పిల్లలు గిరీశం వేషానికే ఎగబడతారు. నా ఓటు మాత్రం వెంకటేశానికి. 1909 కూర్పులో, వెంకమ్మ ముచ్చట తీర్చడానికి గురుశిష్యులిద్దరూ పొంతన లేని ఇంగ్లీషు ముక్కలు వల్లించే ఘట్టం చూడండి. ఆ తల్లి మురిసిపోతుంది, మనం నవ్వుతాం. తెలుగు సంభాషణల్ని కన్నడ లిపిలోనో తమిళ లిపిలోనో రాసుకుని బట్టీపట్టిన మన కుర్రాడు ఆ వేషం వేస్తేనో? అర్థం తెలియని మాటలతో పెద్దల్ని మురిపించడం తనకూ అలవాటేనని రిహార్సల్లోనే తగులుతుంది. ఆ క్షణాన్ని వదిలేసి, బహుమతి కోసం ఉచ్చారణ దిద్దడంతోనే సరిపెట్టుకుంటున్నారు మాస్టార్లు. "నువ్వూ ఎప్పుడైనా ఇలా చేశావుట్రా?" అని అడగరేం? జవాబు వాడి ఇంటి యాసలోనే రానివ్వండి. గురజాడ రంగమెక్కించిందీ విజయనగరం వాడుక మాటల్నే కదా!