మన్రోకి కనిపించిన స్వామి, కనిపించని మాన్యం

కర్నూలు చరిత్ర చెప్పేవాళ్లు మన్రో కథ వదిలిపెట్టరు. మంత్రాలయం మఠం ఈనాంను కుంపిణీ లాక్కోబోతే, విచారణకొచ్చిన మన్రోకి రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి కనిపించి మాట్లాడాడట, ఈనాం నిలిచిందట. నిజమా కాదా అని మేము తగువు పడం. ఆ ఊళ్లలోనే వెట్టి మాన్యం, తలారి మాన్యం, మాదిగ మాన్యం ఉండేవి గదా. వాటి కథ ఎవరూ ఎందుకు చెప్పరు?

1800 అక్టోబరు 12న నిజాం, కుంపిణీ సైన్యం ఖర్చు కింద, కడప, బళ్ళారి సీమల్ని ఒప్పందం రాసి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. (కర్నూలు నవాబు ఇలాకా 1839 దాకా వేరు. ఆదోని 1953లో గానీ కర్నూలులో కలవలేదు.) ఇచ్చినోడు ఒకడు, పుచ్చుకున్నోడు ఒకడు. దున్నినోణ్ణి అడిగిందెవరు?

1858 తర్వాత ఈనాం కమిషన్ వచ్చి అడిగింది: ఈ భూమి ఎవరిచ్చారు, దేనికిచ్చారు, కాగితమేది? మఠానికి సన్నదుంది. మాదిగకు? కపిల బానకు తోలు, ఊరికి చెప్పులు, చావుకీ జాతరకీ డప్పు. ఆ చాకిరే అతని సన్నదు. దాన్ని రాయాల్సింది కరణం, చదివి వినిపించాల్సిందీ కరణమే. రెండు మాన్యాలకూ సేవే షరతు. కానీ దేవుడి సేవ ఆగదు, ఆయిలింజను వచ్చాక కపిల ఆగింది. మరి తరాల తరబడి చేసిన చాకిరీకి కూలి ఏమైనట్టు?

ఇక్కడ మనవాళ్లతోనూ మాకు పేచీ ఉంది. 'తాతలకు రాజులిచ్చిన ఈనాం' అని అర్జీలు రాయడం మాకు మింగుడుపడదు. అంబేద్కర్ 1928లో బొంబాయి కౌన్సిల్లో మహార్ వతన్ల మీద బిల్లు పెట్టినప్పుడు, వతన్‌ను దయగా చూడలేదు, మెడకు గొలుసుగా చూశాడు. గొలుసు తెగాలి, భూమి మిగలాలి అన్నది ఆయన లెక్క. మాన్యం ఇచ్చిన భూమి కాదు, ముందే చాకిరీతో కొనుక్కున్న భూమి. అర్జీ అట్లా రాస్తే వాదన మారుతుంది.

1956లో ఈనాంల రద్దు చట్టం వచ్చింది. పట్టా తేల్చేది తహసీల్దారు. ధాతు కరువులో (1876-78) గింజలకు కుదవపోయిన మాన్యం ఉంటే, ఆయన ముందు నిలబడేది కుదవ పట్టినోడి మనవడే.

మా ఇళ్లల్లో మొదటగా యూనివర్సిటీ మెట్లెక్కినోళ్లం మేము. రికార్డు రూముల్లో కూర్చోవడం ఇంకా బెరుకే. అయినా ఈనాం రిజిస్టరు, ఇవాల్టి అడంగలు పక్కపక్కన పెట్టి, సర్వే నంబరు వెంట సర్వే నంబరు చదవాలి. పొలానికి మాదిగ మాన్యమన్న పేరు మిగిలి, పట్టాలో ఇంకొకరి పేరున్న ప్రతిచోటా అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.