చుక్కలు కొలిచే చేతులు

భిలాయి నెహ్రూ నగర్‌లో రాత్రి మేడెక్కి చుక్కలు చూస్తే మా ఉక్కు కర్మాగారమే గుర్తొస్తుంది. కొలిమి రంగు చూసి వేడి చెప్పే విద్య ఈ ఊరికి కొత్త కాదు. ఖగోళ శాస్త్రజ్ఞులూ చుక్కలను అలాగే చదువుతారు: ఎర్రటిది కాస్త చల్లన, నీలిది మహా వేడి. వెలుగును రంగులుగా విడదీస్తే నల్లని గీతలు పడతాయి. సూర్యుడిలో ఇనుము ఉందని చెప్పింది ఆ గీతలే.

నేను చేతులెత్తి మొక్కేది మాత్రం ఆ పనిలోని ఓర్పుకు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల, ప్రపంచ నక్షత్ర పటంలో తన వాటా పని తలకెత్తుకుంది. రాత్రి గాజు పలక మీద ఆకాశాన్ని ఫొటో తీయాలి. తర్వాత ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో చుక్క ఎక్కడుందో కొలిచి రాసుకోవాలి. అలా ఏడు లక్షలకు పైగా చుక్కలు! ఎన్ని కళ్లు అలసిపోయాయో.

ఇప్పుడు ఆ పని అంతరిక్షానికీ ఎక్కింది. గాలిపొర అడ్డుకునే ఎక్స్ కిరణాల కోసం 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఉపగ్రహం వెళ్లింది. 15 లక్షల కిలోమీటర్ల దూరాన జేమ్స్ వెబ్ టెలిస్కోపు, ధూళి మబ్బుల్లో పుడుతున్న చుక్కల వేడిని పసిగడుతోంది. అక్కడి నుంచి దిగేవి అంకెలే. బియ్యంలో రాళ్లేరినట్టు, వాటిలోంచి పరికరం సొంత రొదను ఏరేస్తూ ఎవరో ఒకరు ఈ రాత్రీ కూర్చునే ఉంటారు.