మాట్లాడగలిగినంత నడక

గుండె మాత్ర వేసుకునేవాళ్లు నడకను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. స్టెంటు వేసి, మెటోప్రొలాల్ రాసిచ్చిన తరవాత నాకు అర్థమైన సంగతి ఇది. కాళ్లు పాతవే, దారి పాతదే. మనం ఎంత కష్టపడుతున్నామో గుండె తెలియజేసే పద్ధతి మాత్రం మారిపోతుంది.

మా పుదుచ్చేరిలో నేర్చుకోవడానికి మంచి చోటే ఉంది. సాయంత్రం 6 నుంచి మర్నాడు ఉదయం 7:30 దాకా బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు. గాంధీ విగ్రహం, పాత లైట్‌హౌస్, ఫ్రెంచి యుద్ధ స్మారకం పక్కనుంచి సాగిపోయే ఆ దారి మొత్తం చదునే. ఎత్తుపల్లాలు లేవు గనక ఆయాసం వచ్చిందంటే అది మన వేగం వల్లో, ఉక్కపోత వల్లో అని పోల్చుకోవడం తేలిక.

అక్కడ నాతో కలిసి నడిచే మాస్టారిది యానాం. ఇక్కడి జిప్మర్ ఆసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చి, కూతురు ఇక్కడే ఉండటంతో ఉండిపోయారు. ఒకరోజు చేతి గడియారం చూపించి దిగులు పడ్డారు. "ఇదేంటండీ, ఎంత గట్టిగా నడిచినా వంద దాటట్లేదు. నూట పది రావాలని రాసుందండి. కాస్త పరుగెత్తమంటారా?"

"వద్దు మాస్టారూ, ఆ లెక్క మనకి కాదు," అన్నాను.

220లోంచి వయసు తీసేసి, మిగిలినదాంట్లో నూటికి డెబ్బై వంతుల వేగంతో గుండె కొట్టుకోవాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అరవై రెండేళ్ల మనిషికి నూట పది వస్తుంది. కానీ మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసోప్రొలాల్ లాంటి మాత్రలు బండి ఎద్దుకు పగ్గం వేసినట్టు నాడిని బిగించి పట్టుకుంటాయి. అడ్రినలిన్ ఎంత అదిలించినా గుండె వేగం ఓ మేరకే పెరుగుతుంది. ఆ మాత్ర చెయ్యవలసిన పనే అది. ఈ కుటుంబపు మందులకు 1960లలో దారి వేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. గుండెకు అందే ప్రాణవాయువు పెంచలేనప్పుడు దాని అవసరాన్నే తగ్గిద్దామన్నది ఆయన ఆలోచన. అలా తగ్గించి ఉంచిన గుండెను గడియారంలో అంకె కోసం తరిమితే, ఆ అంకె రాకముందే ఒంటికి తాహతు మించిన కష్టం అయిపోతుంది.

మరి కొలత ఏది? నోటి మాట. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత వేగంగా నడిస్తే అది మధ్యరకం వ్యాయామం. రెండు మాటలకోసారి ఊపిరి అందక ఆగుతున్నామంటే తగ్గించాలి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ ఇలాంటి అనుభవానికే 6 నుంచి 20 దాకా మెట్లు కట్టాడు. వైద్యులు ఇప్పటికీ ఆ మెట్లను వాడుతున్నారు. ఎంత కష్టంగా ఉందో మనిషినే అడిగి తెలుసుకోవడం వైద్యశాస్త్రం ఒప్పుకున్న పద్ధతేనని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది.

గుండె జబ్బుకు కదలిక మంచిదన్న మాట పాతదే. గుండె నొప్పిని తొలిసారి వివరంగా వర్ణించిన విలియం హెబర్డెన్, రోజూ అరగంట కట్టెలు కోసిన ఒక రోగికి నొప్పి దాదాపు నయమైందని రాసిపెట్టాడు. ఆ మాట మరుగున పడింది. గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగనివ్వని కాలం నడిచింది. 1952లో లెవైన్, లౌన్ అనే అమెరికన్ వైద్యులు రోగుల్ని కుర్చీలో కూర్చోబెడదామన్నప్పుడు, అదే పెద్ద సాహసంగా కనిపించింది. మనం సముద్రపు గాలికి నడవగలుగుతున్నామంటే ఇంత చరిత్ర దాటి వచ్చాం.

ఇక ఒక్కో మాత్రకు ఒక్కో జాగ్రత్త ఉంది. నాలుక కింద పెట్టుకునే మాత్ర జేబులో ఉండాలి. నడుస్తుండగా ఛాతీ పట్టేస్తే ఆగి, కూర్చుని వేసుకోవాలి. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యాలి. ఒంట్లో నీరు తీసే మాత్ర వాడేవాళ్లు మే నెల ఎండ ఎక్కకముందే నడక ముగించాలి. ఎంత నీళ్లు తాగవచ్చో వైద్యుణ్నే అడగాలి. నడక అవగానే కొబ్బరి బోండాం తాగడం మనకు అలవాటు. అందులో పొటాషియం ఎక్కువ. రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరనొలాక్టోన్ వాడేవాళ్లు, ముఖ్యంగా మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లు, రోజూ తాగవచ్చో లేదో కనుక్కోవాలి. చక్కెర జబ్బు కూడా ఉన్నవాళ్లకు మరో సంగతి: చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను, వణుకును ఈ పగ్గం మాత్ర కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మొదటి అయిదారు నిమిషాలు నెమ్మదిగా నడిచి వేగం పెంచాలి. చివర కూడా అంతే. గట్టిగా నడిచి ఠక్కున ఆగితే రక్తం కాళ్లలో నిలిచి తల తేలిపోతుంది.

నడిచినప్పుడు ఒళ్లు బరువుగా ఉందని ఆ పూట మాత్ర మానేసేవాళ్లను చూశాను. అది చాలా ప్రమాదం. ఈ పగ్గం మాత్రల్ని ఉన్నట్టుండి మానేస్తే నాడి, బీపీ ఒక్కసారిగా ఎగసి మళ్లీ గుండెనొప్పి రావచ్చు. బరువుగా ఉంటే మోతాదు మార్చడం వైద్యుడి పని, వేగం తగ్గించుకోవడం మన పని.

మాస్టారు ఇప్పుడు గడియారం చూడటం మానేశారు. యానాం కబుర్లు చెబుతూ నడుస్తారు, మాట తెగితే అడుగు తగ్గిస్తారు. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మీరూ ఒక ప్రశ్న అడగండి: "ఈ మాత్రలు వేసుకుంటూ నేనెంత నడవవచ్చు డాక్టరు గారూ?" ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి చెబుతామంటే, మాత్ర వేసుకునే రావాలా అని ముందే కనుక్కోండి. నడకకు కొలత కావాలంటే రోజూ వేసుకునే మాత్రతోనే ఆ పరీక్ష జరగాలి. వచ్చిన జవాబును మందుల చీటీ మీద మాత్రల కిందే రాయించుకోండి. అదీ రోజువారీ మందే.