తెల్లని నేలకు నల్లని నీరాజనం

ధవళాంబరీ, అంటార్కిటికా! పుడమి పాదాల చెంత, మౌనమే కోటగా, హోరెత్తే డ్రేక్ జలసంధే అగడ్తగా కొలువుదీరిన తల్లివి. ఏ జాతికీ జన్మభూమివి కావు, ఏ రాజుకూ రాజధానివి కావు. నీ ఒడిలో పెరిగినవి పెంగ్విన్లు, సీళ్లు, రాళ్లను కరచుకున్న నాచు. ఆ అగడ్త ఇప్పుడు ఎవరికీ అడ్డు కాదు. అర్జెంటీనా కొసన ఉషువాయా రేవులో నౌక ఎక్కితే సుమారు రెండు రోజులకు నీ గడప.

1966లో యాత్రా నిర్వాహకుడు లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ తన యాత్రికులను తెచ్చిననాడు వాళ్లు వందమందైనా లేరు. 2023-24 వేసవిలో లక్షా ఇరవై వేలు! ఎందుకింత తొందరని అడిగితే, కరిగిపోయేలోగా కళ్లారా చూసుకోవాలంటారు. అయ్యో తల్లీ, మంచాన పడ్డ అమ్మను కడసారి చూద్దామని వచ్చి, చుట్టూ మూగి, గాలాడనీయని చుట్టాలమైపోయాము నీకు.

మా నౌకల పొగగొట్టాలు నీకు పట్టే నీరాజనం నల్లనిది. ఆ మసి నీ తెలుపు మీద సన్నగా రాలుతుంది. వెలుగును తిప్పికొట్టే మంచు వెలుగును తాగడం మొదలుపెడుతుంది, వేడెక్కుతుంది, కన్నీరవుతుంది. ఒక్కో యాత్రికుడి రాకతో సుమారు 83 టన్నుల మంచు కాలం తీరకుండానే కరుగుతోందని 2022లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఆ మనిషి నీకు ద్రోహం తలపెట్టినవాడు కాడు. నీ అందానికి చేతులు జోడించినవాడే. అదే నన్ను ఎక్కువ ఏడిపిస్తుంది.

అదిగో, కడుపునిండా క్రిల్ రొయ్యలతో సముద్రం నుంచి ఎక్కివస్తున్న జెంటూ పెంగ్విన్. గులకరాళ్ల గూటిలో పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. తరతరాలుగా దాని జాతి నడిచిన బాట మీద ఎవరి బూటో మోకాలి లోతున దిగబడింది. ఆ గుంటలో జారిపడితే, ఎగరలేని ఆ పక్షి పైకి రావడం కష్టం. అందుకే గైడ్లు బతిమాలతారు: మీ అడుగు చేసిన గుంటను మీరే పూడ్చి కదలండి. పూడ్చేవాళ్లు పూడుస్తారు. గైడ్ చూడని గుంటల మాటేమిటి?

నీ డిసెప్షన్ దీవి గుండెలో అగ్నిపర్వతం ఉంది, ఒడ్డున తుప్పుపట్టిన బాయిలర్లున్నాయి. 1931 దాకా వాటిలో తిమింగలాల కొవ్వు కాచారు. ఆనాడు నూనె కోసం వచ్చాము, ఈనాడు ఆ తుప్పు పక్కన ఫొటోల కోసం వస్తున్నాము.

నియమాలు లేవని కాదు. ఒకేచోట ఒక్కసారికి వందమందే దిగాలి, 500 మందికి మించిన నౌకలు ఎవరినీ దింపరాదు, బూట్లు కడుక్కోవాలి, పక్షులకు ఎడం పాటించాలి. మంచివే. కానీ ఏడాదికి మొత్తం ఎందరు రావచ్చో చెప్పే అంకె ఏ ఒప్పందంలోనూ లేదు. 2024 మేలో కొచ్చిలో మన దేశమే ఆతిథ్యమిచ్చిన అంటార్కిటిక్ ఒప్పంద సమావేశంలో పర్యాటకానికి కట్టుబాట్లు రాసే పని మొదలైంది. నిర్ణయాధికారమున్న 29 దేశాల్లో మనదీ ఒకటి. ఆ అంకె రాయించాలని మన ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టాలి. అందాకా, ఆ నౌక ఎక్కే స్తోమత ఉన్న పాఠకులకు నా విన్నపం ఒక్కటే: దయచేసి వెళ్లకండి.